పన్నెండేళ్లకు గోల్ఫ్ మొదలుపెడితే ఆలస్యమా? అనికా సోరెన్‌స్టామ్ ఛాంపియన్ ఎట్లా అయింది?

జడ్చర్ల దగ్గర ఉండే ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల పాపకు 12 నిండాయి. బడిలో టెన్నికాయిట్ బాగా ఆడుతుంది. ఒలింపిక్స్‌లో మన దేశపు గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్ ఆట టీవీలో చూసిన రోజు నుంచి గోల్ఫ్ నేర్చుకుంటానని పట్టు పట్టింది. "స్వీడన్ అమ్మాయి అనికా సోరెన్‌స్టామ్ కూడా 12 ఏళ్లకే మొదలుపెట్టిందని చదివాను. నిజమేనా? ఆమె అంత పెద్ద ఛాంపియన్ ఎట్లా అయింది? మాలాంటి వాళ్లకు ఆమె జీవితంలో పనికొచ్చేది ఏమన్నా ఉందా?" అని అడిగారు.

చెల్లెమ్మా, ముందు సూటిగా చెప్తాను. అవును, నిజమే. 12 ఏళ్లు ఆలస్యం కాదు. అనికా ఛాంపియన్ కావడానికి చిన్న వయసు కారణం కాదు, బలం మొదటి కారణం కాదు. ఆమె ఎక్కడ తప్పుతున్నదో, ఎందుకు తప్పుతున్నదో గమనించే మనుషులు చుట్టూ ఉన్నారు. తర్వాత ఆ గమనించే పని ఆమే నేర్చుకుంది. మీకు పనికొచ్చేది ఇదే. మిగతాదంతా ఈ మాటకు వివరమే.

నా గురించి రెండు ముక్కలు. మాది దేవరకొండ వైపు పల్లె. పదహారో ఏట హైదరాబాద్ వచ్చి ఒక గోల్ఫ్ కోర్సులో క్యాడీగా చేరాను, అంటే ఆడేవాళ్ల బ్యాగు మోసి, బాల్ ఎక్కడ పడిందో చూసి, ఎంత దూరం ఉందో చెప్పే పని. అక్కడే ఆట నేర్చుకున్నాను. ఇప్పుడు ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు నేర్పుతున్నాను. నల్గొండ, పాలమూరు నుంచి వచ్చిన పిల్లలు కూడా నా దగ్గర ఆడారు, తక్కువమందే.

అనికా 1970 అక్టోబర్ 9న పుట్టింది. ఊరు స్టాక్‌హోమ్ దగ్గరి బ్రో. చిన్నప్పుడు ఆమె ఆట టెన్నిస్. జూనియర్లలో దేశం మొత్తం మీద పేరున్న క్రీడాకారిణి. మంచు మీద స్కీయింగ్ కూడా బాగా చేసేది. 12 ఏళ్లప్పుడు గోల్ఫ్ వైపు వచ్చింది. చెల్లెలు షార్లొటా కూడా తనతోపాటే. ఇద్దరికీ కలిపి ఒకటే సెట్టు. క్లబ్బుల మీద, అంటే బాల్ కొట్టే కర్రల మీద, నంబర్లుంటాయి కదా, బేసి నంబర్లవి అనికా వాడుకునేది, సరి నంబర్లవి చెల్లెలు. అంటే ఇద్దరికీ చేతిలో సగం సెట్టే. ఆ ఇద్దరూ తర్వాత అమెరికాలోని ఎల్‌పీజీఏ టూర్‌లో, ఆడవాళ్ల గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద టూర్ అది, టోర్నమెంట్లు గెలిచారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, తల్లిదండ్రులు నా దగ్గరకు వచ్చి మొదట అడిగేది సెట్టు ఎంతవుతుందనే. రూల్ ప్రకారం బ్యాగులో 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు. మొదటి ఏడాది మీ పాపకు మూడు చాలు: ఒక పుటర్ (బాల్‌ను గుంటలోకి దొర్లించేది), ఒక 7 ఐరన్ (మధ్య దూరాలకు), ఒక వెడ్జ్ (దగ్గర నుంచి బాల్‌ను పైకి లేపేది). సెకండ్ హ్యాండ్‌వి అయినా ఫరవాలేదు, పాప ఎత్తుకు సరిపోతే చాలు. పెద్దవాళ్ల క్లబ్బు కోసి ఇస్తే మాత్రం బరువు కుదరదు, చిన్న మణికట్టు పాడవుతుంది. అట్లా కోసి ఇచ్చినవి తీసుకోకండి.

స్వీడన్‌లో చలికాలం కోర్సులు మంచు కింద ఉంటాయి. వాన, చలి, పొద్దు గూకే తొందర, వీటి మధ్యనే ఆ అమ్మాయి ఆడింది. ఒకరోజు వాన పడుతుంటే వచ్చి తీసుకుపొమ్మని నాన్నకు ఫోన్ చేసింది. ఆయన వచ్చాడు. కారులో బయటకు వస్తుంటే ఇంకా కొందరు పిల్లలు వానలోనే బంతులు కొడుతున్నారు. వాళ్లను చూపించి, పైకి రావడానికి అడ్డదారి ఉండదని ఒక్క మాట అన్నాడట. తిట్టలేదు, వెనక్కి పంపలేదు. ఆ మాట ఆమె జీవితమంతా గుర్తు పెట్టుకుంది. మన దగ్గర చలి లేదు, ఎండ ఉంది. పాలమూరు ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదిన్నర దాటాక పిల్లలను గ్రౌండ్‌లో ఉంచకండి. పట్టుదల పేరుతో వడదెబ్బ తగిలించిన వాళ్లను చూశాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. అనికా చిన్నప్పుడు విపరీతమైన సిగ్గరి. అక్కడ జూనియర్ టోర్నమెంట్లలో గెలిచినవాళ్లు అందరి ముందు నిలబడి నాలుగు మాటలు మాట్లాడాలి. ఆ మాటల భయానికి ఈ అమ్మాయి చివర్లో కావాలనే పుట్‌లు (గుంట దగ్గర బాల్‌ను లోపలికి దొర్లించే షాట్లు) తప్పించి రెండో స్థానంలో మిగిలిపోయేది. కోచ్‌లు ఇది కనిపెట్టారు. కనిపెట్టి ఆమెను మందలించలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక పద్ధతి మార్చారంతే: ఇకనుంచి మొదటి స్థానం వాళ్లతోపాటు రెండో స్థానం వాళ్లూ మాట్లాడాలన్నారు. ఎట్లాగూ మాట్లాడక తప్పదన్నప్పుడు ఓడిపోవడం దేనికి? ఆమె గెలవడం మొదలుపెట్టింది.

ఈ కథ నేను క్యాడీగా ఉన్నప్పుడే విన్నాను. విని, నవ్వి, మర్చిపోయాను. తర్వాత కోచ్‌నయ్యాక నా ముందే అదే జరిగితే గుర్తుపట్టలేకపోయాను.

మిర్యాలగూడ వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చేది. వాళ్ల నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. చుట్టాల ఇంట్లో ఉండి చదువుకుంటూ ఆడేది. చేతిలో ఆట ఉంది, అది రెండో నెలకే తెలిసిపోయింది. కానీ టోర్నమెంట్ అంటే చివరి రెండు హోల్స్ (బాల్ వేయాల్సిన గుంటలు) దగ్గర ఆట చెదిరిపోయేది. మూడడుగుల పుట్ గుంట పక్క నుంచి వెళ్లిపోయేది. ఏకాగ్రత లేదన్నాను. క్లబ్బు పట్టుకునే తీరు, అంటే గ్రిప్, మార్పించాను. పుటర్ మార్పించాను. పొద్దున ఐదింటికి రమ్మని నూరు పుట్‌లు వేయించాను. రెండేళ్లు ఇదే వరస. ఒకసారి మా ఇంట్లో అన్నం తింటూ మా ఆవిడతో చెప్పిందట: "అత్తా, కప్పు తీసుకునేటప్పుడు ఇంగ్లిష్‌లో మాట్లాడమంటారు. నాకు రాదు. అందరూ నవ్వుతారు." మా ఆవిడ వచ్చి నాకు చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గ్రిప్‌లో ఏ తప్పూ లేదు. రెండేళ్లు ఆ పిల్ల చేతులు చూశాను గాని ముఖం చూడలేదు.

ఆ తర్వాత నా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి శనివారం ఆట అయ్యాక పిల్లలంతా వంతులవారీగా, తెలుగులో, ఆ రోజు ఆడిన ఒక షాట్ గురించి నిలబడి చెప్పాలి. గెలిచినవాళ్లే కాదు, అందరూ. ఆ అమ్మాయి మొదటిసారి మాట్లాడినప్పుడు చెప్పింది రెండే వాక్యాలు, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ. ఆరు నెలలకు చిన్న పిల్లలకు తనే నేర్పడం మొదలుపెట్టింది. ప్రొఫెషనల్ కాలేదు, డిగ్రీ చదివి ఉద్యోగంలో చేరింది. కానీ మానేసే ముందు ఏడాది రెండు కప్పులు గెలిచింది, రెండు చోట్లా తెలుగులోనే మాట్లాడింది.

అందుకే మీకు నేను మొదట చెప్పేది ఇదే. పాప ఎక్కడైనా పదే పదే ఒకేచోట తప్పుతుంటే, చేతుల కన్నా ముందు మనసులో ఏముందో కనుక్కోండి. తండ్రి చూస్తున్నాడన్న భయం కావచ్చు, బట్టలు సరిగా లేవన్న ఇబ్బంది కావచ్చు, నెలసరి కావచ్చు. నాలాంటి మగ కోచ్‌కు పిల్లలు అవన్నీ చెప్పరు. మీరే అడగాలి.

మళ్లీ అనికా దగ్గరకు వద్దాం. ఆమె అమెరికా వెళ్లి అరిజోనా యూనివర్సిటీ తరఫున ఆడింది. 1991లో మొదటి ఏడాదిలోనే అక్కడి కాలేజీల జాతీయ టైటిల్ గెలిచింది. అమెరికా బయటి అమ్మాయి ఆ టైటిల్ గెలవడం అదే మొదటిసారి. 1992లో ప్రపంచ అమెచ్యూర్ ఛాంపియన్. అంతా సాఫీగా ఉందనుకునేలోపు ఎల్‌పీజీఏ అర్హత పోటీలో ఒక్క షాట్ తేడాతో కార్డు, అంటే ఆ టూర్‌లో ఆడే అర్హత, పోయింది. ఏడుస్తూ ఇంటికి పోలేదు. 1993లో యూరప్ టూర్‌లో ఆడి అక్కడ ఆ ఏటి ఉత్తమ కొత్త క్రీడాకారిణి అయింది. 1994లో ఎల్‌పీజీఏలోనూ అదే గౌరవం. 1995లో ఆ టూర్‌లో మొదటి గెలుపు, అదీ మామూలు టోర్నమెంట్ కాదు, ఏకంగా యూఎస్ విమెన్స్ ఓపెన్. 1996లో మళ్లీ అదే గెలిచింది. మూడోసారి 1997లో ఏమైందో తెలుసా? కట్ కూడా దాటలేదు. నాలుగు రోజుల టోర్నమెంట్‌లో రెండు రోజులయ్యాక వెనకబడినవాళ్లను ఆపేస్తారు, దాన్నే కట్ అంటారు. ఆ ఓపెన్ మళ్లీ గెలవడానికి 2006 దాకా పట్టింది. పదేళ్లు. మధ్యలో మిగతావి ఎన్నో గెలిచింది గాని ఇది మాత్రం అందలేదు. మన దగ్గర ఒక టోర్నమెంట్ పోగానే కోచ్‌ను మార్చే తల్లిదండ్రులున్నారు. వాళ్లకు నేను ఈ పదేళ్ల లెక్క చెప్తుంటాను.

1999, 2000 సంవత్సరాల్లో ఆస్ట్రేలియా అమ్మాయి క్యారీ వెబ్ ఆమెను దాటి నంబర్ వన్ అయింది. అప్పుడు అనికా తన ఆటను ముక్కలుగా విడదీసి చూసుకుంది. ఎక్కడ షాట్లు పోతున్నాయి? పుటింగ్‌లో, దూరంలో. పుటింగ్ మీద కూర్చుంది. జిమ్‌లో బరువులు ఎత్తడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో ఆడవాళ్ల గోల్ఫ్‌లో అంత గట్టిగా జిమ్ చేసినవాళ్లు అరుదు. ఫలితం 2001లో కనిపించింది.

ఆ ఏడాది మార్చి 16. ఫీనిక్స్‌లోని మూన్ వ్యాలీ కోర్సు. ఆట తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: ప్రతి హోల్‌కు ఇన్ని షాట్లలో పూర్తి చేయాలని ఒక లెక్క ఉంటుంది, అది పార్. ఒకటి తక్కువలో పూర్తి చేస్తే బర్డీ. 18 హోల్స్‌కు అక్కడ పార్ 72. అనికా మొదటి ఎనిమిది హోల్స్‌లో వరసగా ఎనిమిది బర్డీలు చేసింది. తర్వాత ఒక పార్. మళ్లీ నాలుగు బర్డీలు. అంటే 13 హోల్స్‌లో 12 బర్డీలు. మిగిలిన ఐదింటిలో ఇంకొకటి. మొత్తం 59. అధికారిక టోర్నమెంట్‌లో 60 లోపు ఆడిన మొదటి మహిళ ఆమే.

అది గాలివాటం కాదు. స్వీడన్ జట్టు కోచ్ పియా నీల్సన్ అమ్మాయిలకు ఏళ్ల తరబడి ఒక ఆలోచన నూరిపోసింది. ప్రతి హోల్‌లోనూ ఎప్పుడో ఒకసారి బర్డీ చేసే ఉంటారు కదా, అన్నీ ఒకే రోజు ఎందుకు చేయకూడదు? చేస్తే 54 అవుతుంది. లక్ష్యం 54 అనుకున్న మనిషికి వరసగా ఎనిమిది బర్డీలు వస్తే, ఇక చాలులే, జాగ్రత్తపడదాం అనిపించదు. నా అనుభవంలో పిల్లలు కూలిపోయేది చెడ్డగా ఆడేటప్పుడు కాదు, అలవాటు లేనంత బాగా ఆడుతున్నప్పుడు.

ఇంకొకటి కూడా ఆమె దగ్గర్నుంచే తెచ్చుకుని నా పిల్లలకు నేర్పుతాను. బాల్ వెనక నిలబడి ఆలోచన అంతా పూర్తి చేయాలి: ఏ క్లబ్బు, ఎంత దూరం, గాలి ఎటు. నేల మీద ఒక గీత ఉందనుకుని దాన్ని దాటి బాల్ దగ్గరకు వెళ్లాక ఇక ఆలోచన లేదు, కొట్టడమే. అనుమానం వస్తే గీత వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. మా గ్రౌండ్‌లో నేను నిజంగానే ముగ్గుపిండితో గీత గీస్తాను. పరీక్షల టెన్షన్ ఉన్న పిల్లలకు ఇది చదువులో కూడా పనికొచ్చిందని తల్లులు చెప్పారు.

తల సంగతి కూడా చెప్పాలి. కొత్తగా ఆడే పిల్లల వెనక నిలబడి ప్రతి నాన్నా అరిచే మాట ఒకటే, "తల దించు, బాల్ చూడు" అని. అనికా స్వింగ్ (క్లబ్బు ఊపే తీరు) వీడియో నెమ్మదిగా పెట్టి చూడండి. క్లబ్బు బాల్‌ను తాకే సమయానికే తల లక్ష్యం వైపు తిరిగిపోతుంటుంది. తల మరీ బిగించి ఉంచడం వల్ల ఒళ్లు వెనకే ఉండిపోతున్నదని ఆమె కోచ్ హెన్రీ రీస్ చేయించిన అభ్యాసం నుంచి వచ్చిన అలవాటు అది. పుస్తకం ప్రకారం తప్పే, ఆమె ఒంటికి అది సరిపోయింది. ఎవరూ దాన్ని దిద్దే పని పెట్టుకోలేదు. మీరూ వెనక నిలబడి అరవకండి, దయచేసి.

2002లో ఎల్‌పీజీఏలో ఒక్క ఏడాదే 11 గెలుపులు. 2003 మే నెలలో ఫోర్ట్‌వర్త్‌లో జరిగే కలోనియల్ టోర్నమెంట్‌లో మగవాళ్లతో కలిసి ఆడింది. 1945లో అమెరికా క్రీడాకారిణి బేబ్ జహారియస్ ఆడిన తర్వాత, మగవాళ్ల పీజీఏ టూర్‌లో ఒక మహిళ ఆడటం అదే. కొందరు మగ ఆటగాళ్లు బాహాటంగానే అభ్యంతరం చెప్పారు. అది నాకు బాగా గుర్తు. అక్కడ పొద్దున అంటే మనకు రాత్రి. క్యాడీలం ఏడెనిమిది మందిమి కిటికీ బయట నిలబడి లోపలి టీవీలో చూశాం. మొదటి షాట్ ఆమె ఫోర్ వుడ్‌తో (దూరం కొట్టే క్లబ్బు) కొట్టింది, నేరుగా ఫెయిర్‌వే మీద, అంటే గడ్డి కోసిన మధ్య దారి మీద, పడింది. కొట్టాక మోకాళ్లు వణికినట్టు ఊగి నవ్వింది. ప్రపంచంలో నంబర్ వన్‌కు కూడా కాళ్లు వణుకుతాయని మాకు అప్పుడే తెలిసింది. పార్ 70 కోర్సులో మొదటిరోజు 71, రెండోరోజు 74. నాలుగు షాట్ల తేడాతో కట్ తప్పింది. ఆ రాత్రి మాలో కొందరు ఓడిపోయిందన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. తనకన్నా ఎంతో దూరం కొట్టేవాళ్ల కోర్సులో, ప్రపంచమంతా చూస్తుండగా, మొదటిరోజు పార్‌కు ఒక్క షాటే ఎక్కువ ఆడింది. అదే ఏడాది ఎల్‌పీజీఏ ఛాంపియన్‌షిప్, బ్రిటిష్ ఓపెన్ రెండూ గెలిచింది, హాల్ ఆఫ్ ఫేమ్‌లోకీ వెళ్లింది.

మొత్తం మీద ఎల్‌పీజీఏలో 72 గెలుపులు. ఆమెకన్నా పైన క్యాథీ విట్‌వర్త్ (88), మికీ రైట్ (82) ఇద్దరే. 10 మేజర్లు, అంటే అన్నిటికన్నా పెద్ద టోర్నమెంట్లు. ఎనిమిదిసార్లు ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణి. 2007లో మెడ, వెన్ను నొప్పితో వెనకబడింది. 2008లో మళ్లీ మూడు గెలిచి, గెలుస్తున్నప్పుడే ఆపేస్తానని చెప్పి, 38 ఏళ్లకు ఆపేసింది. పెళ్లి, ఇద్దరు పిల్లలు, చిన్న అమ్మాయిల గోల్ఫ్ కోసం ఒక ఫౌండేషన్. 2021లో, 50 ఏళ్ల వయసులో, యూఎస్ సీనియర్ విమెన్స్ ఓపెన్‌లో దిగి ఎనిమిది షాట్ల తేడాతో గెలిచింది. భర్తే బ్యాగు మోశాడు. పాత క్యాడీని కదా, ఆ ఫోటో నాకు చాలా ఇష్టం.

అదితి అశోక్ దారి వేరు. ఆమె బెంగళూరులో ఐదారేళ్లకే మొదలుపెట్టింది. రియో ఒలింపిక్స్‌లో నాన్న, టోక్యో ఒలింపిక్స్‌లో అమ్మ ఆమెకు క్యాడీలు. టోక్యోలో ఒక్క షాట్ తేడాతో కంచు పతకం తప్పి నాలుగో స్థానంలో నిలిచింది. దూరం కొట్టడంలో దాదాపు అందరికన్నా వెనక, పుటింగ్‌లో అందరికన్నా ముందు. మీ పాప ఆమెను చూసి ఇష్టపడిందంటే మంచి చోట కన్ను పడినట్టే.

ఇక మీ పరిస్థితి. జడ్చర్లలోనో మహబూబ్‌నగర్‌లోనో 18 హోల్స్ కోర్సు లేదు, హైదరాబాద్ రావాల్సిందే. వారంవారం రాకండి, మీరూ పాపా ఇద్దరూ అలసిపోతారు. మొదటి ఆరు నెలలు నెలకు రెండుసార్లు చాలు. వచ్చే ముందు ఫోన్ చేసి డ్రైవింగ్ రేంజ్‌లో (బంతులు కొట్టి అభ్యాసం చేసే చోటు) బయటివాళ్లకు అనుమతి ఉందో, ఎంత తీసుకుంటారో కనుక్కోండి. మిగతా ఆట ఇంట్లోనే. గోల్ఫ్‌లో బాల్ పడాల్సిన గుంట వెడల్పు 10.8 సెంటీమీటర్లు. దాదాపు అంతే మూతి ఉన్న చెంబును నేల మీద పడుకోబెట్టి నాలుగడుగుల నుంచి పుట్‌లు వేయించండి. పల్లి పీకేసిన చెలక ఉంటే 7 ఐరన్‌తో చిన్న చిప్‌లు (బాల్‌ను కొంచెం లేపి కొట్టే చిన్న షాట్లు) కొట్టనివ్వండి, రాళ్లు ఏరించి, ఎదురుగా మనుషులు లేకుండా చూసి. చదువు ఆపించవద్దు. అనికాకు అమెరికా దారి తెరిచింది కాలేజీ గోల్ఫే. ఆ దారి ఇప్పటికీ మన అమ్మాయిలకు తెరిచే ఉంది, కానీ దానికి ఆటతోపాటు మార్కులూ కావాలి.

ప్రొఫెషనల్ అవుతుందా అని ఇప్పుడే అడగకండి. నా దగ్గరకు వచ్చినవాళ్లలో ఆటతోనే బతుకుతున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఖర్చు కూడా పదిహేనేళ్లు దాటాక, టోర్నమెంట్ల ప్రయాణాలు మొదలయ్యాక పెరుగుతుంది. అప్పు చేసి మాత్రం ఆడించకండి. ఆ బరువు పిల్లల పుటర్ మీదికి వస్తుంది.

అనికా తను ఆడిన రౌండ్ల లెక్కలన్నీ రాసిపెట్టుకునేది. మీ పాప చేత ఒక నోట్‌బుక్ పెట్టించండి. రోజుకు యాభై పుట్‌లు, ఎన్ని పడ్డాయి, తప్పినవి ఎడమకా కుడికా. రాసేది పాపే, మీరు దిద్దవద్దు. నెల అయ్యాక ఆ పేజీలు ఇక్కడ పెట్టండి. చూసి చెప్తాను.